23 రన్లు కొట్టి ఒక్క రన్‌తో ఓడిపోయాం. ఆ ఆఖరి ప్లే ఎలా చెల్లుతుంది?

లెఫ్ట్‌ఫీల్డ్_లింగం
ఇంట్లో చెబితే "ఆటేగా, వదిలెయ్" అంటున్నారు, అందుకని ఇక్కడ పెడుతున్నా. డాలస్ శివార్లలో మా సిటీ లీగ్‌లో ఆఫీసు వాళ్లం కలిసి ఒక స్లోపిచ్ (బంతిని నెమ్మదిగా పైకి తేలేసి వేసే) సాఫ్ట్‌బాల్ టీమ్ పెట్టుకున్నాం. ఆడా మగా కలిసి ఆడే కో-ఎడ్ లీగ్. పేరుకి ఆఫీసు టీమ్ గానీ సగం మంది మనవాళ్లే, టెన్నిస్ బాల్ క్రికెట్ ఆడి ఆడి వచ్చినవాళ్లే. గురువారం రాత్రి మ్యాచ్‌లో స్కోరు 24-23. ఓడింది మేం.

ఇన్నింగ్స్ వారీగా మాది 4, 2, 5, 3, 9. వాళ్లది 3, 6, 2, 9, 4. నాలుగు ఇన్నింగ్స్ అయ్యేసరికి 20-14తో వెనకబడి ఉన్నాం. టైమ్ లిమిట్ దగ్గర పడింది, ఐదోదే ఆఖరిదని అంపైర్ చెప్పేశాడు. అప్పుడు మావాళ్లకి ఏం పూనిందో తెలీదు, వరసపెట్టి బాదారు. తొమ్మిది రన్లు. 23-20తో మేం పైన.

ఇక వాళ్ల ఆఖరి బ్యాటింగ్. రెండు రన్లు ఇచ్చాం, 23-22. ఒక అవుట్ అయింది. మూడు బేసుల్లోనూ మనుషులున్నారు, అవి చుట్టి హోమ్‌కి, అంటే బ్యాటర్ నిలబడే ప్లేట్‌కి, వస్తే రన్. బ్యాటర్ బంతిని నేరుగా పైకి లేపాడు, షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేసుల మధ్య ఫీల్డర్) నెత్తి మీద, లైటు స్తంభాల ఎత్తుకి వెళ్లింది. బంతి ఇంకా గాల్లో ఉండగానే అంపైర్ చెయ్యి పైకెత్తి "ఇన్‌ఫీల్డ్ ఫ్లై, బ్యాటర్ అవుట్" అని అరిచాడు. మా షార్ట్‌స్టాప్ దాన్ని వదిలేశాడు. గ్లవ్ అంచుకి తగిలి కింద పడింది. పడటం చూసి థర్డ్ బేస్ వాడు హోమ్‌కి పరిగెత్తాడు. మావాడు బంతి తీసి విసిరాడు, క్యాచర్ పట్టుకుని ప్లేట్ తొక్కాడు, రన్నర్ ఇంకా మూడడుగుల దూరంలో ఉన్నాడు! డబుల్ ప్లే, మ్యాచ్ మనదే అనుకుని అందరం లోపలికి పరిగెత్తాం, గ్లవ్‌లు గాల్లోకి ఎగరేశాం. చూస్తే అంపైర్ రెండు చేతులూ చాపి సేఫ్ అంటున్నాడు. ఏంటయ్యా అని అడిగేలోపు సెకండ్ మీద ఉన్నవాడు కూడా థర్డ్ చుట్టేసి హోమ్‌కి వచ్చేశాడు.

బేసులన్నీ నిండి ఉన్నప్పుడు ప్లేట్ తొక్కితే ఫోర్స్ అవుట్ కదా? ఇప్పుడు ప్రొటెస్ట్ చేయొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

కాకినాడ_కాజా
గ్లవ్‌లు గాల్లో ఉండగా రన్నర్ హోమ్‌కి వచ్చాడు చూడు, ఆ వీడియో ఉంటే పెట్టు బ్రో. పుణ్యముంటుంది.

ఓరుగల్లు_పోరడు
ఫోర్స్ అవుటే. అంపైర్ తప్పు చేసిండు. నేను అట్లాంటాలో మూడు సీజన్ల సంది ఆడుతున్న, బేస్ లోడెడ్ ఉంటే ఏ బేస్ తొక్కినా అవుటే. గట్టిగ కొట్లాడాల్సింది.

సీమ_సీమర్
23 కొట్టి ఓడిపోయారంటే బౌలింగ్ ఎవరిదో ముందు అది చెప్పు. బ్యాట్స్‌మెన్ తప్పేం లేదు పాపం.

ఆరెంజ్_ఆర్మీ_ఆర్మూర్
మనకిదేం కొత్త? 2024 ఐపీఎల్‌లో బెంగళూరులో మన హైదరాబాదోళ్లు 287 కొడితే అవతలోళ్లు 262 కొట్టి మరీ ఓడిపోయారు. అదే నెలలో ఈడెన్‌లో కోల్‌కతా 261 కొడితే పంజాబ్ ఎనిమిది బంతులు మిగిలుండగానే కొట్టేసింది. ఎక్కువ కొట్టిన టీమ్ గెలుస్తుందని ఎక్కడా రాసి లేదన్నా, అవతలోడి కన్నా ఎక్కువ కొట్టాలి.

కాకినాడ_కాజా
@ఆరెంజ్_ఆర్మీ_ఆర్మూర్ ఆహా, ఎంత లోతైన మాట.

బ్లూ_అన్న
వారాంతాల్లో నేను ఇలాంటి లీగ్‌లకే అంపైరింగ్ చేస్తా, అందుకే ఈ పేరు. ఇక్కడ అంపైర్‌ని బ్లూ అని పిలుస్తారు, తిట్టేటప్పుడు కూడా. లింగం గారూ, మీకు కోపం రావొచ్చు గానీ మీరు చెప్పింది చెప్పినట్టు జరిగి ఉంటే అంపైర్ చేసింది నూటికి నూరు పాళ్లు కరెక్టు.

ఫోర్స్ ఎందుకు ఉంటుంది? బ్యాటర్ ఫస్ట్‌కి వస్తున్నాడు కాబట్టి ఫస్ట్ వాడు సెకండ్‌కి, సెకండ్ వాడు థర్డ్‌కి, థర్డ్ వాడు హోమ్‌కి పోక తప్పదు. పోక తప్పని వాడి బేస్‌ని బంతి చేతిలో పెట్టుకుని తొక్కితే చాలు. మరి బ్యాటరే అవుటైపోతే? వెనకనుంచి వచ్చేవాడు లేడు, కాబట్టి ఎవరూ కదలక్కర్లేదు. ఫోర్స్ పోయింది. ఆ తర్వాత పరిగెత్తినవాడు తన రిస్కు మీద పరిగెత్తినట్టు. వాణ్ణి అవుట్ చేయాలంటే బంతి ఉన్న చేత్తోనో గ్లవ్‌తోనో తాకాలి. ప్లేట్ తొక్కడం దండగ.

ఇన్‌ఫీల్డ్ ఫ్లై అనేది ఫస్ట్, సెకండ్ బేసులు నిండి ఉన్నప్పుడు లేదా మూడూ నిండి ఉన్నప్పుడు, ఇద్దరు అవుట్ కాకముందు మాత్రమే వర్తిస్తుంది. ఇన్‌ఫీల్డర్ మామూలుగా పట్టగలిగే ఫ్లై అయితే చాలు, పట్టినా పట్టకపోయినా బ్యాటర్ అవుట్. కానీ బంతి డెడ్ కాదు. ఆట నడుస్తూనే ఉంటుంది. పట్టి ఉంటే రన్నర్లు తమ బేస్‌ని మళ్లీ తాకి బయల్దేరాలి. కింద పడింది కాబట్టి ఆ అవసరం కూడా లేదు.

ఓరుగల్లు_పోరడు
మరి ఈ రూలు ఎందుకన్నా? పట్టకపోయినా అవుట్ ఇయ్యుడేంది? ఫీల్డింగ్ టీమ్‌కి ఫ్రీగ అవుట్ ఇచ్చినట్టే కద.

బ్లూ_అన్న
@ఓరుగల్లు_పోరడు తమ్ముడూ, ఇది బ్యాటింగ్ వాళ్లని కాపాడే రూలు. ఇది లేదనుకో. బంతి పైకి లేవగానే రన్నర్లు ఏం చేస్తారు? పడతారేమోనని బేస్‌ల దగ్గరే ఉంటారు. షార్ట్‌స్టాప్ తెలివైనవాడైతే కావాలని కింద వదిలేస్తాడు. అప్పుడు ముగ్గురూ పరిగెత్తక తప్పదు, బంతి హోమ్‌కి, అక్కణ్ణుంచి థర్డ్‌కి విసిరితే ఇద్దరు అవుట్. ఆ మోసం కుదరకుండా బ్యాటర్‌ని ముందే అవుట్ అనేస్తారు. బేస్‌బాల్‌లో 1895లోనే పెట్టారు దీన్ని. నూట పాతికేళ్లు దాటినా ఇంకా జనం కొట్టుకుంటూనే ఉన్నారు.

చికాగో_చలి
కొట్టుకోవడమంటే గుర్తొచ్చింది. 2012 అక్టోబర్‌లో అట్లాంటాలో బ్రేవ్స్, కార్డినల్స్ బేస్‌బాల్ టీమ్‌ల వైల్డ్ కార్డ్ నాకౌట్ మ్యాచ్. బంతి దాదాపు లెఫ్ట్ ఫీల్డ్‌లో పడితే ఇన్‌ఫీల్డ్ ఫ్లై ఇచ్చారు. జనం సీసాలు, చెత్త గ్రౌండ్‌లోకి విసిరేశారు, ఆట చాలాసేపు ఆగిపోయింది. బ్రేవ్స్ 6-3తో ఓడిపోయారు. @ఓరుగల్లు_పోరడు మీ ఊళ్లో ఈ రూలు పేరు గట్టిగా ఎత్తకు.

ఓరుగల్లు_పోరడు
ఓహో అందుకా. మా టీమ్‌ల ఒక పెద్దాయన ఉన్నడు, ఇన్‌ఫీల్డ్ ఫ్లై అనంగనే మొఖం మాడ్చుకుంటడు. ఇప్పుడర్థమైంది.

హోమ్‌ప్లేట్_హరి
లింగం అన్నా, నువ్వు ఇక్కడ ఉన్నావని నాకు తెలీదు, నేనిక్కడ ఉన్నానని నీకు తెలీదు. ఆ క్యాచర్‌ని నేనే.

"క్యాచర్ ప్లేట్ తొక్కాడు" అని రాశావు బాగానే ఉంది. క్యాచర్‌కి ప్లేట్ తొక్కమని లెఫ్ట్ ఫీల్డ్ నుంచి గొంతు చించుకుని చెప్పిందెవరో కూడా రాయాల్సింది. "ప్లేట్ తొక్కు హరీ, ప్లేట్ తొక్కు" అని పక్క గ్రౌండ్ వాళ్లు కూడా తిరిగి చూశారు. రన్నర్ నా మీదికి వచ్చేస్తున్నాడు, కావాలంటే వాణ్ణి తాకడం ఎంతసేపు?

కాకినాడ_కాజా
చర్చ ఇప్పుడు మొదలైంది. టీ పెట్టుకొస్తా, ఆగండి.

లెఫ్ట్‌ఫీల్డ్_లింగం
అరవడం అందరూ అరిచారు. ఫస్ట్ బేస్ వాడు అరిచాడు, డగౌట్ మొత్తం అరిచింది. లెఫ్ట్ ఫీల్డ్‌లో ఉన్నవాడి మాట నీకొక్కడికే వినిపించిందా? సరే, మొదటి రన్ పోయింది, 23-23. రెండో రన్ సంగతి చెప్పు. బంతి నీ చేతిలోనే ఉంది కదా.

సెకండ్‌బేస్_సుధ
చేతిలో లేదు. గ్లవ్‌లో ఉంది. ఆ గ్లవ్ గాల్లో ఉంది.

సీమ_సీమర్
🤣🤣 బంతితో సహా ఎగరేశాడా?

సెకండ్‌బేస్_సుధ
అవును. హరి గ్లవ్ ఎగరేశాడు, అది తిరుగుతూ వెళ్లి బ్యాక్‌స్టాప్ కంచె దగ్గర పడింది, అందులోంచి పచ్చ బంతి దొర్లుకుంటూ బయటికొచ్చింది. నేను సెకండ్ దగ్గర నిలబడి చూస్తున్నా. సెకండ్ మీదున్నవాడు థర్డ్ దాకా వెళ్లి ఆగాడు, వాళ్ల కోచ్ చేతులు గిరగిరా తిప్పితే మళ్లీ పరుగందుకున్నాడు. నేను "బంతి, బంతి" అని అరుస్తూనే ఉన్నా. ఎవరూ పట్టించుకోలేదు, అందరూ కౌగిలింతల్లో ఉన్నారు.

ఆరెంజ్_ఆర్మీ_ఆర్మూర్
అక్కా, ఆట మొత్తంల తెలివిమీద ఉన్నది నువ్వొక్కదానివే లెక్కుంది.

బ్లూ_అన్న
ప్రొటెస్ట్ గురించి అడిగారు కదా. అంపైర్ కంటితో చూసి ఇచ్చే నిర్ణయం మీద ప్రొటెస్ట్ చెల్లదు. రూలు తప్పుగా వర్తింపజేశాడు అంటేనే చెల్లుతుంది. అది కూడా తర్వాతి పిచ్ పడేలోపు చెప్పాలి, ఆఖరి ప్లే అయితే అంపైర్లు గ్రౌండ్ వదిలి వెళ్లేలోపు చెప్పాలి. మీ కేసులో రెండూ లేవు. ఫీజు కడితే ఆ డబ్బు కూడా పోతుంది, చాలా లీగ్‌ల్లో ప్రొటెస్ట్ నెగ్గితేనే తిరిగిస్తారు.

ఇంకో మాట. మనవాళ్ల టీమ్‌ల మ్యాచ్‌లు నేను చాలా చూశాను. ఈ పొరపాటు మనవాళ్లే ఎక్కువ చేస్తారు, దానికి కారణం క్రికెట్. క్రికెట్‌లో బ్యాట్స్‌మన్ అవుటవగానే బంతి డెడ్. ఎవరూ ఎక్కడికీ పరిగెత్తరు. అందరూ ఒకచోట చేరి చేతులు కొట్టుకుంటారు, నీళ్లు తాగుతారు. చిన్నప్పటి నుంచి ఒంట్లో ఇంకిపోయిన అలవాటు అది. అవుట్ అన్న మాట చెవిన పడగానే ఒళ్లు సడలిపోతుంది. ఇక్కడ అవుట్ అన్న తర్వాతే అసలు ఆట ఉంటుంది. అమెరికా కుర్రాళ్లు టీ-బాల్ ఆడే వయసు నుంచీ, అంపైర్ టైమ్ అనేదాకా బంతి మీంచి కన్ను తియ్యరు.

సీమ_సీమర్
ఇది మాత్రం నిజం. నేను మొదటి మ్యాచ్‌లో బ్యాట్ పట్టుకునే ఫస్ట్ బేస్‌కి పరిగెత్తా. అక్కడ బ్యాట్ ముందుకు చాపి లైన్ తాకించా. ఫస్ట్ బేస్‌మన్ నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు, కొడతాననుకున్నాడు పాపం.

ఓరుగల్లు_పోరడు
నేనైతే మంచి బాల్ వస్తే డిఫెన్స్ ఆడిన. ముందు కాలేసి, మోచేయి పైకెత్తి, బంతి నా కాళ్ల దగ్గరనే ఆగింది. స్లోపిచ్‌ల బంట్ చేస్తే, అంటే కొట్టకుండ బ్యాట్ అడ్డం పెడితే, అవుటట. ఎంత అందమైన డిఫెన్స్, ఫొటో తీసుకునేటట్టు ఉండె.

చికాగో_చలి
స్కోరు మీద వాదించేవాళ్ల కోసం చెబుతున్నా. సాఫ్ట్‌బాల్ పుట్టిందే ఇలాంటి స్కోరుతో. 1887 థ్యాంక్స్‌గివింగ్ రోజు, మా చికాగోలోనే, ఫరాగట్ బోట్ క్లబ్‌లో. యేల్, హార్వర్డ్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఫలితం టెలిగ్రాఫ్‌లో వస్తుందని కూర్చున్నారు. ఫలితం తెలిశాక ఒకడు పాత బాక్సింగ్ గ్లవ్ విసిరితే ఇంకొకడు కర్రతో కొట్టాడు. జార్జ్ హాన్‌కాక్ అనే ఆయనకి అది చూసి ఆలోచన వచ్చింది, గ్లవ్‌ని తాళ్లతో బంతిలా కట్టి హాల్లోనే ఆడించాడు. ఆ మొదటి ఆట స్కోరు 41-40 అని చెబుతారు. మొట్టమొదటి రోజే ఎవడో 40 కొట్టి ఒక్క రన్‌తో ఓడిపోయాడు. కాబట్టి లింగం, నువ్వు సంప్రదాయం తప్పలేదు.

మా ఊళ్లో ఇప్పటికీ 16 అంగుళాల బంతితో ఆడతారు, చేతికి గ్లవ్ ఉండదు. పాత ఆటగాళ్ల వేళ్లు చూడాలి, ఒక్కటీ తిన్నగా ఉండదు.

కాకినాడ_కాజా
గ్లవ్ ఉండదా? అయితే హరి అక్కడ ఆడితే సరి.

హోమ్‌ప్లేట్_హరి
నవ్వండి నవ్వండి.

సెకండ్‌బేస్_సుధ
అందరూ ఆఖరి బంతి గురించే మాట్లాడుతున్నారు. స్కోర్‌బుక్ నా దగ్గరే ఉంది, మిగతా సంగతి కూడా చెబుతా, ఎవరికైనా కోపం వస్తే రానీ.

ఒకటి, మూడో ఇన్నింగ్స్. మా లీగ్‌లో ఒక టీమ్‌కి హోమ్ రన్లు రెండే లిమిట్. ఆ పైన కంచె దాటిస్తే అవుట్. రెండూ రెండో ఇన్నింగ్స్‌కే అయిపోయాయి. మూడోదాంట్లో ఒక అవుట్, మూడు బేసులూ ఫుల్. మా టీమ్‌లో ఒక బాహుబలి ఉన్నాడు, పేరు చెప్పను. డగౌట్‌లో నలుగురం "లైన్ డ్రైవ్ కొట్టు, కంచె దాటించకు" అని మొత్తుకున్నాం. బంతి పార్కింగ్ లాట్‌లో పడింది. వాడు చేతులు చాపుకుంటూ ఫస్ట్ దాకా పరిగెత్తాడు, అంపైర్ పిడికిలి బిగించి అవుట్ అన్నాడు. నాలుగు రన్లు రావాల్సిన చోట సున్నా. తర్వాతి బ్యాటర్ గ్రౌండర్ కొట్టి అవుటైంది. మనం ఓడింది ఒక్క రన్‌తో.

రెండు, నాలుగో ఇన్నింగ్స్. వాళ్ల తొమ్మిది రన్లలో నాకు గుర్తున్నంత వరకు గట్టిగా కొట్టినవి రెండే. మిగతావన్నీ వాక్‌లు, అంటే నాలుగు తప్పు బంతులేసి బ్యాటర్‌కి ఊరికే ఇచ్చిన బేసులు. కో-ఎడ్‌లో మగ బ్యాటర్‌కి వాక్ ఇస్తే రెండు బేసులు ఇవ్వాలి, తర్వాత వచ్చే అమ్మాయిని తేలిగ్గా అవుట్ చేద్దామని కావాలని వాక్ ఇవ్వకుండా పెట్టిన రూలు అది. మా పిచ్చర్ ఆ ఇన్నింగ్స్‌లోనే నలుగురు మగవాళ్లకి వాక్ ఇచ్చాడు. ఊరికే కూర్చుని రన్లు తీసుకున్నారు వాళ్లు.

మూడు, ఇది లింగం గారికి. రెండో ఇన్నింగ్స్‌లో నా నెత్తి మీదికొచ్చిన బంతి. నేను "నాది నాది" అని రెండుసార్లు అరిచా. షార్ట్‌స్టాప్ ఒకవైపు నుంచి, రైట్ సెంటర్ ఒకవైపు నుంచి వచ్చి నన్ను గుద్దారు, బంతి ముగ్గురి మధ్యలో పడింది, ఇద్దరు హోమ్‌కి వచ్చారు. అమ్మాయి దగ్గరికి బంతి వెళితే చాలు, టీమ్‌లో ప్రతి మగవాడూ గ్రౌండ్ అవతలి నుంచి పరిగెత్తుకొస్తాడు. పడతామో లేదో ముందు పట్టనివ్వండి. నేను స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడిన మనిషిని, మీరు గల్లీలో ఆడారు.

సీమ_సీమర్
ఆగు ఆగు. కంచె దాటిస్తే అవుటా?? ఇదేం ఆటండీ.

ఆరెంజ్_ఆర్మీ_ఆర్మూర్
ఎందుకంత ఆశ్చర్యం? మన గల్లీల రిటైర్డ్ హెడ్మాస్టర్ ఇంట్ల పడితే అవుట్ కాదా? బంతి తెచ్చేది కూడా కొట్టినోడే. గదే రూలు, ఇక్కడ ప్రింట్ చేసి పెట్టిన్రు.

బ్లూ_అన్న
కారణం కూడా ఇంచుమించు అదే. ఇప్పటి కాంపోజిట్ బ్యాట్లతో కాస్త బలం ఉన్నవాడెవడైనా కంచె దాటిస్తాడు. లిమిట్ లేకపోతే ఫీల్డర్లు కుర్చీలేసుకుని కూర్చోవచ్చు. పక్కన ఇళ్లు, కార్లు, పిల్లలు ఆడుకునే చోటు ఉంటాయి. పైస్థాయి డివిజన్లకి లిమిట్ ఎక్కువ ఇస్తారు, రిక్రియేషన్ డివిజన్లకి సున్నా, ఒకటి, రెండు అలా పెడతారు.

సుధమ్మ చెప్పిన వాక్‌ల సంగతే అసలు జబ్బు. హై స్కోరింగ్ మ్యాచ్‌లో ఓడినవాళ్లు ఆఖరి బంతినే తల్చుకుంటారు, స్కోర్‌బుక్ చూస్తే వాక్‌లు కనిపిస్తాయి. స్లోపిచ్‌లో పిచ్చర్ వేగంగా వేయక్కర్లేదు, వేయకూడదు కూడా. చాలా చోట్ల బంతి నేల నుంచి కనీసం ఆరడుగులు లేవాలి, పది లేదా పన్నెండు అడుగులు దాటకూడదు. 50 అడుగుల దూరం నుంచి అలా తేలేసి ప్లేట్ వెనకున్న చాప మీద దించాలి. చాప పెట్టే లీగ్‌ల్లో చాపకో ప్లేట్‌కో తగిలితే స్ట్రైకే, వాదన లేదు. మీ పిచ్చర్‌ని ఇంటి వెనక పెరట్లో ఒక పాత డోర్‌మ్యాట్ వేసుకుని రోజూ కాసేపు వేయమనండి, వారంలో తేడా మీకే తెలుస్తుంది.

హోమ్‌ప్లేట్_హరి
పిచ్చర్‌ని ఏమన్నా అంటే లింగం అన్నకి కోపమొస్తుంది. వాళ్ల బావమరిది.

లెఫ్ట్‌ఫీల్డ్_లింగం
బావమరిది కాబట్టే వేయిస్తున్నానా? ఇంకెవరు వేస్తారు చెప్పు, నువ్వేస్తావా? పిచ్చర్ అంటే కొట్టిన బంతి తిన్నగా మొహం మీదికి వస్తుంది, మాస్క్ పెట్టుకుని నిలబడాలి. అందరూ అవుట్‌ఫీల్డ్ కావాలంటారు. పాపం వాడు ఒప్పుకున్నాడు.

సుధా, బంతి విషయంలో నీ మాట కాదనను, కానీ రైట్ సెంటర్ వాడు గుద్దింది కావాలని కాదు, లైట్లు కళ్లలో పడ్డాయి వాడికి.

సెకండ్‌బేస్_సుధ
లైట్లు కళ్లలో పడ్డవాడు బంతి దగ్గరికి రావడమెందుకు?

కాకినాడ_కాజా
పాయింటే 😀

ఓరుగల్లు_పోరడు
మరి షార్ట్‌స్టాప్ సంగతి ఎవరూ మాట్లాడరేంది? అంత లడ్డు లాంటి క్యాచ్ ఇడిచిపెట్టినోడు ఇంట్ల హాయిగ పండుకున్నడు, క్యాచర్‌ని పట్టుకుని ఉతుకుతున్నరు.

సీమ_సీమర్
క్యాచ్ గురించి నేను చెబుతా, నేను కూడా అలాగే చాలా వదిలా. క్రికెట్ బంతి చుట్టుకొలత తొమ్మిది అంగుళాలు, ఇది పన్నెండు. బరువు కూడా కాస్త ఎక్కువే. మనం రెండు చేతులూ గిన్నెలా చేసి, బంతి తగలగానే వెనక్కి లాగుతాం. గ్లవ్ వేసుకుని అలా చేస్తే బంతి అరచేతిలో పడి గంతేస్తుంది. బంతి పడాల్సింది బొటనవేలికి, చూపుడువేలికి మధ్య వలలో. రెండో చెయ్యి పక్కన తలుపు మూసినట్టు రావాలి. దానికి తోడు కొత్త గ్లవ్ అట్టముక్కలా ఉంటుంది, మూసుకోదు. నేను నాదాంట్లో బంతి పెట్టి, రబ్బరు బ్యాండ్లు చుట్టి, చాన్నాళ్లు పరుపు కింద పెట్టుకుని పడుకున్నా. మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయకూడదు.

చికాగో_చలి
పాత రోజుల్లో పెద్ద లీగ్‌ల్లో కూడా ఇలాంటివి జరిగాయి. 1922 ఆగస్టులో మా చికాగో బేస్‌బాల్ టీమ్ కబ్స్, ఫిలడెల్ఫియా ఫిలీస్ మీద 26-23తో గెలిచింది. మేజర్ లీగ్‌లో రెండు టీమ్‌లూ కలిపి అన్ని రన్లు చేసిన మ్యాచ్ ఇప్పటికీ ఇంకోటి లేదు. ఫిలీస్ వాళ్లు సరిగ్గా మీలాగే 23 కొట్టి ఓడిపోయారు. 1979లో మళ్లీ అవే రెండు టీమ్‌లు, అదే రిగ్లీ ఫీల్డ్, గాలి బయటికి వీస్తోంది. ఈసారి పది ఇన్నింగ్స్ ఆడి 23-22తో ఫిలీస్ గెలిచింది. పాత లెక్క తీర్చుకోవడానికి వాళ్లకి 57 ఏళ్లు పట్టింది. మీకు వచ్చే సీజన్‌లోనే చాన్స్ ఉంది.

మోడరేటర్
ఒక పోస్టులో అంపైర్ తల్లిదండ్రుల ప్రస్తావన ఉంది, తీసేశాను. ఆట గురించి ఎంతసేపైనా కొట్టుకోండి.

ఓరుగల్లు_పోరడు
గది నాదే. బ్లూ అన్న చెప్పకముందు రాసిన.

ఆరెంజ్_ఆర్మీ_ఆర్మూర్
సుధక్కా, స్కూల్ల సాఫ్ట్‌బాల్ ఆడిన అన్నవు కద, నేను కూడా. మాకు ఫాస్ట్‌పిచ్, కింద నుంచి గిర్రున తిప్పి వేస్తే బంతి కనిపించేది కాదు. స్కోర్లు 2-1, 3-0. ఇరవై నాలుగు ఇరవై మూడు అంటే మా పీఈటీ సార్ బేస్‌ల చుట్టూ ఉరికించేటోడు అందరినీ. మా బ్యాచ్‌ల సగం మంది సర్టిఫికెట్ కోసమే వచ్చిన్రు, స్పోర్ట్స్ కోటా సీటు కోసం. కానీ వచ్చినాక ఇడిచిపెట్టలేదు.

సెకండ్‌బేస్_సుధ
@ఆరెంజ్_ఆర్మీ_ఆర్మూర్ అవును! స్లోపిచ్‌కి వచ్చిన కొత్తలో నాకు కొట్టడమే రాలేదు. అంత నెమ్మదిగా పై నుంచి దిగే బంతి కోసం ఆగలేక ముందే తిప్పేసేదాన్ని. లీడ్ తీసుకోకూడదు, అంటే ముందే బేస్ వదిలి జరగకూడదు, బంతి కొట్టకుండానే పరిగెత్తి బేస్ దొంగిలించకూడదు. మొదట్లో బోర్ అనిపించింది. ఇప్పుడు ఇదే బాగుంది, అందరూ కొడతారు, అందరూ పరిగెత్తాలి.

సీమ_సీమర్
2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో క్రికెట్టూ ఉంది, సాఫ్ట్‌బాలూ ఉంది. హరి రెండింటికీ అప్లై చేయొచ్చు. గ్లవ్ విసిరే పోటీ కూడా పెడితే గోల్డ్ మనదే.

హోమ్‌ప్లేట్_హరి
ఇక నేను మాట్లాడను. ఒక్కటి మాత్రం అడుగుతా, బ్లూ అన్నా. బంతి గ్లవ్‌లో ఉండి గ్లవ్ నేల మీద పడితే డెడ్ బాల్ ఇవ్వాలి కదా?

బ్లూ_అన్న
ఇవ్వరు తమ్ముడూ. నువ్వు గ్లవ్‌ని కదిలే బంతి మీదికి విసిరి తగిలిస్తే అది వేరే రూలు, అప్పుడు రన్నర్లకి అదనంగా బేసులు ఇస్తారు. ఆనందంతో ఎగరేసినదానికి ఏ శిక్షా లేదు, ఏ రక్షణా లేదు. బంతి నేల మీద ఉంది, ఆట నడుస్తోంది, అంతే.

ఇలాంటి చోట పనికొచ్చే ఒక పద్ధతి చెబుతా. ప్రతి పిచ్‌కి ముందు షార్ట్‌స్టాప్ అందరికీ వేళ్లు చూపించి ఎన్ని అవుట్‌లో, బంతి ఎక్కడికి వేయాలో గట్టిగా చెప్పాలి. "ఒకటి అవుట్, గ్రౌండర్ అయితే హోమ్, పైకి లేస్తే ఇన్‌ఫీల్డ్ ఫ్లై, ట్యాగే (తాకడమే)" అని. ఇక్కడ మంచి టీమ్‌లు పిల్లల దగ్గర నుంచి ముసలాళ్ల దాకా ఇలాగే చేస్తాయి. ఇంకా అనుమానంగా ఉంటే రెండూ చెయ్యి, ప్లేట్ తొక్కు, వచ్చినవాణ్ణి తాకు కూడా. రెండు చేసినందుకు ఎవరూ ఫైన్ వేయరు.

లెఫ్ట్‌ఫీల్డ్_లింగం
సరే బ్లూ అన్నా, రూలు విషయం ఒప్పుకుంటున్నా, ప్రొటెస్ట్ ఆలోచన మానేశాం. కానీ ఆ అంపైర్ ఇన్‌ఫీల్డ్ ఫ్లై అని అరిచినప్పుడు "రన్నర్లు రిస్కు మీద పరిగెత్తొచ్చు" అని కూడా అనాల్సింది, అది నా అభిప్రాయం. మార్చుకోను.

బ్లూ_అన్న
కొందరం అంటాం, కొందరు అనరు. అనాలని లేదు.

లెఫ్ట్‌ఫీల్డ్_లింగం
ఇప్పుడు అసలు సమస్య. వచ్చే గురువారం డబుల్ హెడర్, వరసగా రెండు ఆటలు. మా టీమ్‌లో ఒకావిడ ఇండియా వెళ్తోంది. మా లీగ్‌లో ఆడవాళ్లు ఒకరు తక్కువైతే బ్యాటింగ్ ఆర్డర్‌లో ఆ స్థానం వచ్చిన ప్రతిసారీ ఆటోమేటిక్ అవుట్. సబ్ కావాలి. డాలస్ చుట్టుపక్కల ఎవరైనా ఉన్నారా? గ్లవ్ మేమిస్తాం.

సీమ_సీమర్
ఖాళీ గ్లవ్ ఇవ్వండి.

కాకినాడ_కాజా
నేను ప్లేనోలోనే ఉంటా. మగవాళ్లు పనికిరారా?

సెకండ్‌బేస్_సుధ
పనికిరారు. మగవాళ్లు ఇప్పటికే నలుగురు బెంచీ మీద ఉన్నారు. మీ ఆవిడ ఆడతారా?

కాకినాడ_కాజా
సాఫ్ట్‌బాల్ ఎప్పుడూ ఆడలేదు. కాలేజీలో జావెలిన్ వేసేది. మొన్న పెరట్లో ఉడతలు టమాటాలు తింటున్నాయని కిచెన్ కిటికీలోంచి నిమ్మకాయ విసిరితే కంచె మీదున్నది కంచె మీదే పడిపోయింది. బతికే ఉంది, కాసేపటికి లేచి వెళ్లిపోయింది.

సెకండ్‌బేస్_సుధ
నంబర్ నాకు మెసేజ్ చెయ్యండి. ఇప్పుడే. ఆవిడకి థర్డ్ బేస్ ఇస్తాం.

లెఫ్ట్‌ఫీల్డ్_లింగం
థర్డ్ బేస్ ఎవరికివ్వాలో కెప్టెన్‌ని నేను చెప్పాలి కదా?

సెకండ్‌బేస్_సుధ
చెప్పండి మరి.

లెఫ్ట్‌ఫీల్డ్_లింగం
థర్డ్ బేసే. ఆరున్నరకల్లా రమ్మనండి, ఏడింటికి మొదటి ఆట.